ట్రయల్‌లో చేరమన్నారు, 26 పేజీల సమ్మతి పత్రం ఇచ్చారు: ముందు ఏ పేజీ తీయాలి?

మీరు చెప్పిన విషయం ఇదీ: అమ్మగారికి ఊపిరితిత్తుల కాన్సర్, నాలుగో దశ. మొదటి చికిత్స కొన్నాళ్ళు పనిచేసి ఆగిపోయింది. కొత్త మాత్ర మీద ఫేజ్ 3 క్లినికల్ ట్రయల్ నడుస్తోంది, చేరతారా అని డాక్టర్‌గారు అడిగి, 26 పేజీల సమ్మతి పత్రం చేతిలో పెట్టారు. వారంలో చెప్పాలి. మీ భయాలు నాలుగు: ప్లాసిబో (మందు లేని ఉత్త మాత్ర) వస్తే మందు లేకుండా పోతుందా, ఎలుకల మీద చేసినట్టు ప్రయోగం చేస్తారా, మధ్యలో వచ్చేయొచ్చా, ఖర్చు ఎవరిది.

ఆ పత్రాన్ని మొదటి పేజీ నుంచి చదవకండి, ఎనిమిదో పేజీకల్లా కళ్ళు మూతలు పడతాయి. మూడు చోట్లు వెతికి పట్టుకోండి: కంట్రోల్ ఆర్మ్‌లో (పోలిక కోసం కొత్త మందు ఇవ్వని గుంపులో) ఏమిస్తారు, విజిట్ల పట్టిక, బయటికి వచ్చే విధానం. చేరాలా వద్దా అన్నది చాలావరకు మొదటిదాంట్లోనే తేలిపోతుంది. అందరూ కొత్త మందు గురించి రాసిన పేజీలే పదేపదే చదువుతారు. కానీ కొత్త మందు పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు కాబట్టే ట్రయల్ పెట్టారు. తెలిసినది కంట్రోల్ ఆర్మే. బేరీజు వేయగలిగేదీ దాన్నే.

ఒక కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు: అమ్మగారికి కంట్రోల్ ఆర్మ్ పడితే ఏ మందు, ఎంత మోతాదు, ఎన్నాళ్ళకొకసారి. కుడివైపు: ట్రయల్ అనే మాటే లేకపోతే ఇదే డాక్టర్‌గారు రేపు ఏం రాసిచ్చేవారు. రెండూ ఒకటే అయితే చేరడంవల్ల పోయేది తిరుగుడు, అదనపు పరీక్షలు, వాటి శ్రమ. కుడివైపు మందు మేలైనదైతే, అది మీకు అందుబాటులో ఉంటే, ఆ ట్రయల్ అమ్మగారికి కాదు. ఎంత పేరున్న ఆసుపత్రి అడిగినా సరే. కుడివైపు ఖాళీగా ఉంటే, అంటే ఇవ్వడానికి వేరే ఏమీ మిగల్లేదంటే, లెక్క మారిపోతుంది. అప్పుడు ట్రయల్‌కి ప్రత్యామ్నాయం ఉపశమన చికిత్స. అది కూడా చికిత్సే, నొప్పీ ఆయాసమూ బాగా తగ్గించగలది. దాన్నీ కాగితం మీద రాయండి.

ఊపిరితిత్తుల కాన్సర్‌లో ఈ మెలిక ఎలా ఉంటుందో చూడండి. మొదటి చికిత్స విఫలమయ్యాక జరిగే ట్రయల్స్‌లో చాలాకాలంగా కంట్రోల్ మందు డోసిటాక్సెల్ అనే కీమో మందు: శరీర వైశాల్యంలో చదరపు మీటరుకి 75 మిల్లీగ్రాములు, మూడు వారాలకొకసారి సెలైన్‌లో. చాలామందికి బయట దొరికేదీ అదే, కాబట్టి పోలిక సబబే. కానీ కణితిలో ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే లాంటి జన్యు మార్పు ఉన్నవాళ్ళకి దానికి సరిపడే మాత్రలు వేరే ఉన్నాయి. అవి ఇంకా వాడనే లేదంటే, డోసిటాక్సెల్‌తో పోల్చే ట్రయల్‌లోకి వెళ్ళడం తొందరపాటు. అందుకే మీ మొదటి ప్రశ్న ట్రయల్ గురించి కాకుండా రిపోర్టు గురించి ఉండాలి: "అమ్మ బయాప్సీ మీద జన్యు పరీక్షలు ఏమేం చేశారు, ఏం వచ్చింది?" ఇంకోటి. ప్రొటోకాల్ (ట్రయల్ ఎలా నడపాలో చెప్పే పత్రం) రాసిన రోజుకీ అది మీ ఆసుపత్రికి వచ్చిన రోజుకీ మధ్య రెండు మూడేళ్ళు గడిచి ఉండొచ్చు. ఈలోగా ప్రామాణిక చికిత్స మారిపోతే కంట్రోల్ ఆర్మ్ పాతబడిపోతుంది. పత్రం అట్టమీదో పేజీ అడుగునో ప్రొటోకాల్ తేదీ, వెర్షన్ నంబరు ఉంటాయి. చూసి, "ఇప్పటికీ ఇదేనా అందరికీ ఇస్తున్నది?" అని మొహమాటం లేకుండా అడగండి.

ఇక ప్లాసిబో. కాన్సర్‌లో పనిచేసే మందు ఉన్నప్పుడు రోగికి ఉత్త ప్లాసిబో ఇచ్చి కూర్చోబెట్టరు. వైద్య పరిశోధన నీతికి ప్రపంచమంతా ఆధారంగా తీసుకునే హెల్సింకి ప్రకటన (మొదట 1964లో వచ్చింది, తర్వాత చాలాసార్లు సవరించారు) చెప్పేది కూడా ఇదే: కొత్తదాన్ని ఉన్నవాటిలో మేలైన చికిత్సతో పోల్చాలి. అలాంటి చికిత్స లేనప్పుడో, శాస్త్రీయంగా తప్పనిసరై, రోగికి తీవ్రమైన హాని జరగదనుకున్నప్పుడో మాత్రమే మినహాయింపు. కాబట్టి మీ పత్రంలో "ప్లాసిబో" అని కనిపిస్తే దాని పక్కనున్న మాట చూడండి. "డోసిటాక్సెల్‌తో పాటు ప్లాసిబో" అంటే అమ్మగారికి డోసిటాక్సెల్ ఎలాగూ అందుతుంది, దాని మీద అదనంగా కొందరికి అసలు మాత్ర, కొందరికి ఉత్త మాత్ర. "ప్లాసిబో" అని ఒంటరిగా ఉంటే మాత్రం ఆగి, ఎందుకని అడగాలి.

ఎవరికి ఏది అన్నది డాక్టర్ చేతిలో ఉండదు. ట్రయల్ పనులు చూసుకునే కోఆర్డినేటర్ కంప్యూటర్లో అమ్మగారి నంబరు, వయసు, మరో రెండు మూడు వివరాలు కొడతారు. అటునుంచి ఒక కిట్ నంబరు వస్తుంది. ఫార్మసీలో అల్మరా తీసి ఆ నంబరున్న డబ్బా ఇస్తారు, అంతే. ప్లాసిబో ఉన్న ట్రయల్‌లో రెండు రకాల డబ్బాలూ ఒకే రంగు, ఒకే బరువు, లోపలి మాత్రలు ఒకే ఆకారం. లేబుల్ మీద మందు పేరు ఉండదు, "ఎ లేదా ప్లాసిబో" అన్నట్టు ఉంటుంది. డాక్టర్‌కి తెలియదు, కోఆర్డినేటర్‌కి తెలియదు, చాలాసార్లు డబ్బా చేతికిచ్చే ఫార్మసిస్ట్‌కీ తెలియదు. "కాస్త చూసి కొత్తదే ఇప్పించండి సార్" అని బతిమాలి లాభం లేదు. నిష్పత్తి 2:1 అని రాసి ఉంటే ముగ్గురిలో ఇద్దరికి కొత్త మందు పడే అవకాశం. కొన్ని ట్రయల్స్‌లో జబ్బు పెరిగాక కంట్రోల్ వాళ్ళకీ కొత్త మందు ఇస్తారు, దాన్ని క్రాసోవర్ అంటారు. మీదాంట్లో ఉందో లేదో ఒక్క ప్రశ్నతో తేలుతుంది.

చీటీ వేసినట్టు ఇలా పంచడం రోగిని చులకన చేయడమని చాలామంది అనుకుంటారు. రెండు ఉదాహరణలు చెబుతాను. క్షయకి స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందా అని బ్రిటన్‌లో జరిపిన ట్రయల్ ఫలితాలు 1948లో వచ్చాయి. రోగులు 107 మంది. మందు అందరికీ సరిపోయేంత లేదు. 55 మందికి మంచం మీద విశ్రాంతితో పాటు స్ట్రెప్టోమైసిన్, 52 మందికి ఆనాటి మామూలు వైద్యమైన విశ్రాంతి మాత్రమే. ఎవరెటు అన్నది సీలు వేసిన కవర్లు చెప్పాయి. ఆరు నెలల్లో మందు వైపు నలుగురు చనిపోయారు, విశ్రాంతి వైపు 14 మంది. కొత్తదే గెలిచింది. రెండోది అమెరికాలో జరిగిన కాస్ట్ (CAST) అనే ట్రయల్. గుండెపోటు వచ్చి బతికినవాళ్ళలో గుండె లయ తప్పుతుంటే ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ ఇచ్చి లయ సరిచేస్తే ప్రాణం నిలుస్తుందని వైద్యులు గట్టిగా నమ్మారు. ఈసీజీలో లయ నిజంగానే బాగుపడింది. కానీ మందు తీసుకున్న 755 మందిలో 63 మంది పోయారు, ప్లాసిబో తీసుకున్న 743 మందిలో 26 మంది. 1989లో ఆ మందులు ఆపేశారు. ఈ రెండిట్లోనూ మొదటి రోజున కొత్త మందు మీద ఆశ ఉంది. మీ అమ్మగారి ట్రయల్‌లో కొత్త మాత్ర స్ట్రెప్టోమైసిన్ కోవలోదో ఫ్లెకైనైడ్ కోవలోదో ఇవాళ ఎవరూ చెప్పలేరు. చెప్పగలమన్నవాళ్ళని నమ్మకండి.

"ఎలుకల్లా వాడుకుంటారా" అన్నదానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. ట్రయల్ పెట్టేది ఒక ప్రశ్నకి జవాబు కోసం. ఆ జవాబు ఎక్కువగా ఉపయోగపడేది తర్వాత వచ్చే రోగులకి. అమ్మగారికి మేలు జరగొచ్చు, కానీ ట్రయల్ కట్టింది దానికోసం కాదు. మామూలు వైద్యంలో డాక్టర్ ఒంటి తీరు చూసి మోతాదు అటూ ఇటూ చేస్తారు. ట్రయల్‌లో మోతాదు ఎప్పుడు తగ్గించాలో, ఎంత తగ్గించాలో ప్రొటోకాల్ చెబుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషి ఒకరే అయినా, ఆయన వైద్యుడూ పరిశోధకుడూ కూడా. చేర్చిన ఒక్కో రోగికీ స్పాన్సర్ (ట్రయల్ నడిపించే కంపెనీ లేదా సంస్థ) ఆసుపత్రికి డబ్బు కడతారు. ఇందులో దాపరికం లేదు, అడిగితే చెప్పాలి. ఈ సంగతి తెలుసుకుని చేరితే చిక్కు లేదు. "నాకోసమే కొత్త మందు తెచ్చారు" అనుకుని చేరినవాళ్ళే తర్వాత మోసపోయామనుకుంటారు.

ఫేజ్ నంబరు గురించి ఎక్కువ చెప్పను. ఫేజ్ 1లో 20 నుంచి 100 మంది దాకా ఉంటారు, ఎంత మోతాదు తట్టుకుంటారో చూస్తారు. ఫేజ్ 2లో కొన్ని వందలమంది దాకా, పనిచేసే సూచన ఉందా అని. ఫేజ్ 3లో కొన్ని వందల నుంచి వేలమంది, ఉన్న మందు కంటే మేలా అని. ఫేజ్ 3 అన్నారంటే మందు అప్పటికే చాలామంది ఒంట్లోకి వెళ్ళింది, సాధారణంగా వచ్చే దుష్ఫలితాలు తెలిశాయి. అరుదైనవి మాత్రం తెలియవు. దీనికో లెక్క ఉంది: 3,000 మందిలో ఒక దుష్ఫలితం ఒక్కసారి కూడా కనిపించలేదంటే, అది వెయ్యిమందిలో ఒకరికి రావచ్చన్న అవకాశాన్ని ఇంకా కొట్టేయలేం. ఫేజ్ 1 సంగతి వేరు. 2006లో లండన్‌లో టీజీఎన్1412 అనే మందు ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకి నిమిషాల తేడాలో వరసగా ఎక్కించారు. ఆరుగురికీ అవయవాలు దెబ్బతిన్నాయి, ఆరుగురూ బతికారు. అప్పటినుంచి కొత్త మందు మొదట ఒకరికిచ్చి, ఆగి చూసి, తర్వాత మిగతావాళ్ళకి ఇచ్చే పద్ధతి బలపడింది.

సంతకం పెట్టగానే చేరినట్టు కాదు. తర్వాత స్క్రీనింగ్, అంటే చేరడానికి అర్హత ఉందో లేదో చూసే పరీక్షలు ఉంటాయి, చాలామంది వెనక్కి వచ్చేది అక్కడే. సాధారణంగా 28 రోజుల గడువు. ఆలోగా సీటీ, రక్త పరీక్షలు, ఈసీజీ, ఒక్కోసారి మెదడు ఎంఆర్‌ఐ, అన్నీ ముగిసి కిట్ నంబరు రావాలి. కావలసిన అంకెలు ట్రయల్‌ని బట్టి మారతాయిగానీ తరచూ కనిపించేవి ఇవి: న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) 1,500 పైన, ప్లేట్‌లెట్లు లక్ష పైన, క్రియాటినిన్ (కిడ్నీల కొలత), బిలిరుబిన్ (కాలేయం కొలత) ఒక హద్దులోపల, రోజువారీ పనులు తానే చేసుకోగల శక్తి. ఈ శక్తిని ఈకాగ్ స్కోరుతో కొలుస్తారు (అంకె తక్కువైతే శక్తి ఎక్కువ), 0 లేదా 1 ఉండాలంటారు. ఇక్కడ జరిగే పొరపాట్లు చెప్పుకోదగ్గవి.

ఒకటి, గడువు దాటిపోవడం. సీటీ మొదటి వారంలోనే తీసేసి, జన్యు పరీక్ష రిపోర్టు నాలుగో వారంలో వస్తే, సీటీ పాతదైపోయి మళ్ళీ తీయాల్సి వస్తుంది. ఆలస్యమయ్యే పరీక్ష ఏదో ముందే అడిగి, దాన్నే మొదట పంపించమనండి.

రెండు, మందులు దాచడం. ఇది కావాలని చేసేది కాదు, "అది మందు కిందికి రాదులే" అనుకుని చెప్పరు. మూలికా చూర్ణాలు, నిద్రమాత్రలు, గ్యాస్ మాత్రలు, కంటిచుక్కలు, అన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్ళి బల్లమీద పరవండి. కారణముంది. చాలా కాన్సర్ మాత్రలు కాలేయంలో, పేగుల్లో ఉండే సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్ ద్వారా విరిగిపోతాయి. క్షయకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకి వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ ఆ ఎంజైమ్‌ని రెచ్చగొట్టి మందుని ఒంట్లో నిలవనివ్వవు. ఫంగస్‌కి వాడే ఇట్రాకొనజోల్, గ్రేప్‌ఫ్రూట్ రసం దాన్ని అణచి మందుని మోతాదు మించి పేరుకునేలా చేస్తాయి. ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు వేసుకుంటే ఎర్లోటినిబ్, జెఫిటినిబ్ లాంటి కాన్సర్ మాత్రలు కడుపులోంచి సరిగా ఎక్కవు. వాంతుల మాత్ర ఆన్‌డాన్‌సెట్రాన్, డాంపెరిడోన్ ఈసీజీలో క్యూటీ దూరాన్ని (గుండె లయ క్షేమంగా ఉందో చెప్పే ఒక కొలతని) పెంచుతాయి. ఈసీజీకి ముందు రోజు ఆ మాత్ర వేసుకుని, హద్దు దాటి, ట్రయల్ చేజారడం జరిగే పనే.

మూడు, వాషౌట్. పాత మందు ఒంట్లోంచి పోయేదాకా ఆగమంటారు, సాధారణంగా అయిదు అర్ధాయువులు. ఒక్కో అర్ధాయువుకి సగం పోతుంది కాబట్టి అయిదింటి తర్వాత మిగిలేది 3 శాతం చిల్లర. అర్ధాయువు 36 గంటలైతే ఏడున్నర రోజులు. ఈ ఖాళీలో జబ్బు చికిత్స లేకుండా ఉంటుంది. జబ్బు వేగంగా పెరుగుతున్నవాళ్ళకి ఈ రోజులే గండం. స్క్రీనింగ్ మొత్తం ఎన్నాళ్ళు, అందులో మందు లేకుండా ఎన్నాళ్ళు, ఫెయిలైతే మర్నాడే మొదలుపెట్టడానికి ఏ చికిత్స సిద్ధంగా ఉంది, ఈ మూడూ సంతకానికి ముందే తేల్చుకోండి.

విజిట్ల పట్టిక పత్రం చివర్లో ఉంటుంది: అడ్డంగా తేదీలు, నిలువుగా పరీక్షలు, గడుల్లో టిక్కులు. టిక్కులు లెక్కపెట్టండి. మొదటి రెండు నెలల్లో ఎన్నిసార్లు వెళ్ళాలి, ఏ రోజు పరగడుపున, ఏ రోజు పొద్దుటినుంచి సాయంత్రం దాకా. "±3 రోజులు" అని ఉంటే అటూ ఇటూ మూడు రోజులు జరుపుకోవచ్చు, అంతకుమించి కాదు. తోడు వెళ్ళే మనిషి సెలవులు కూడా దీన్నిబట్టే.

అన్నిట్లోకి బరువైనది పీకే రోజు, అంటే రక్తంలో మందు ఎంత ఉందో గంటగంటకీ కొలిచే రోజు. చేతికి కాన్యులా (రక్తం తీయడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం) పెడతారు. మాత్ర వేసుకోకముందు ఒక శాంపిల్, మాత్ర, తర్వాత అరగంటకి, గంటకి, రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది గంటలకి, మర్నాడు 24 గంటలకి. ఎనిమిది గొట్టాలు, ఒక్కోదాంట్లో 4 మి.లీ. అనుకుంటే 32 మి.లీ. రక్తదానంలో 350 నుంచి 450 మి.లీ. తీస్తారు కాబట్టి పరిమాణం భయపడేంత కాదు. కానీ రక్తహీనత ఉన్నవాళ్ళు నెలనెలా తీసేది మొత్తం ఎంతో అడగాలి. ఇక్కడ మాటిమాటికీ జరిగే తప్పు ఒకటుంది: అలవాటు ప్రకారం ఉదయం మాత్ర ఇంట్లోనే వేసుకుని వచ్చేయడం. అంతే, మందుకి ముందు తీయాల్సిన శాంపిల్ పోయింది, ఆ రోజంతా వృథా, ఇంకో రోజు మళ్ళీ రావాలి. ముందురాత్రే మాత్రల డబ్బాకి "రేపు ఆసుపత్రిలో" అని చీటీ అంటించండి.

మాత్రలు లెక్క చూస్తారు. 28 రోజులకి రోజుకి రెండు చొప్పున 56 వాడాలి, 60 ఇస్తారు, 4 తిరిగి రావాలి. 16 తిరిగొస్తే వాడింది 44, అంటే 79 శాతం. చాలా ట్రయల్స్ 80 కంటే తగ్గితే కారణం అడుగుతాయి. ఖాళీ స్ట్రిప్పులు, డబ్బాలు పారేయకండి, అవీ పట్టుకెళ్ళాలి. వేసుకున్న మాత్ర వాంతిలో పోతే ఇంకోటి వేసుకోవద్దని చాలా ప్రొటోకాల్స్ చెబుతాయి. సమయం రాసుకుని ఫోన్ చేయండి. డైరీ ఏ రోజుది ఆ రోజే రాయండి. విజిట్‌కి ముందు వరండాలో కూర్చుని నెలరోజులదీ ఒకే పెన్నుతో నింపిన డైరీ చూడగానే తెలిసిపోతుంది, దాన్నిబట్టి తీసిన లెక్క ఎందుకూ కొరగాదు. మరిచిపోయిన మాత్రని మరిచిపోయానని రాస్తే ఎవరూ కోప్పడరు. వేసుకున్నానని రాసిన అబద్ధమే హాని చేస్తుంది, మందు పనిచేయలేదని తప్పుగా తేలుతుంది.

ఒంట్లో బాగోలేకపోతే? ప్రతి దుష్ఫలితానికీ 1 నుంచి 5 దాకా గ్రేడు వేస్తారు: 1 స్వల్పం, 3 తీవ్రం, 5 మరణం. గ్రేడుని బట్టి మందు ఆపాలో తగ్గించాలో ప్రొటోకాల్‌లో ఉంటుంది. కాబట్టి "విరేచనాలు అవుతున్నాయి" అని వదిలేయకండి. మామూలుగా రోజుకి ఒకసారి వెళ్ళే మనిషి ఇప్పుడు ఎన్నిసార్లు వెళ్తున్నారో చెప్పండి: అదనంగా నాలుగు నుంచి ఆరుసార్లయితే గ్రేడ్ 2, ఏడు లేదా అంతకుమించి అయితే గ్రేడ్ 3. ఆసుపత్రిలో పడుకోబెట్టాల్సి వస్తే, కారణం కాలు విరగడమే అయినా, అది తీవ్రమైన ఘటన కిందే లెక్క. ట్రయల్ నడిపే ఆసుపత్రికి తెలిసిన 24 గంటల్లో స్పాన్సర్‌కి చేరాలి. వేరే ఆసుపత్రిలో చేరినా ముందు ట్రయల్ నంబరుకి ఫోన్ చేయండి. చేరినప్పుడు ఒక కార్డు ఇస్తారు, అందులో 24 గంటల నంబరు ఉంటుంది. అమ్మగారి పర్సులో ఒకటి, మీ ఫోన్లో దాని ఫోటో ఒకటి. చేరిన మొదటి రోజే అర్ధరాత్రి ఆ నంబరుకి కొట్టి చూడండి, ఎవరెత్తుతారో. ప్రాణాపాయంలో ఏ మందు పడిందో తెలిస్తేగానీ వైద్యం మారదన్నప్పుడు గుట్టు విప్పే ఏర్పాటు ఉంటుంది. కుతూహలం కొద్దీ విప్పరు.

సీటీ ఫలితం విని కంగారు పడకుండా కొలత ఎలా వేస్తారో తెలుసుకోండి. ఎంచుకున్న కణితుల పొడవులు కూడతారు. మొత్తం 50 మి.మీ. అనుకుందాం. 35కి తగ్గితే పాక్షిక స్పందన (30 శాతం తగ్గుదల). ఇప్పటిదాకా చూసిన అతి తక్కువ మొత్తం మీద 20 శాతం, కనీసం 5 మి.మీ. పెరిగితే జబ్బు పెరిగినట్టు. అంటే 35కి దిగినది 42కి చేరితే మొదటి 50 కంటే ఇంకా చిన్నదే అయినా పెరిగినట్టే లెక్క, ట్రయల్ మందు ఆపొచ్చు. కొత్త మచ్చ కనిపించినా అంతే. 38 అయితే అది స్థిరం. "కొంచెం పెరిగింది, అయినా కొనసాగిస్తున్నారేంటి" అన్న అనుమానానికి జవాబు చాలాసార్లు ఇదే.

మధ్యలో వచ్చేయొచ్చు, ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే. దానివల్ల మామూలు వైద్యం ఆగకూడదు, పత్రంలో ఆ వాక్యం ఉండి తీరాలి. అయితే బయటికి రావడంలో మూడు మెట్లున్నాయి: మందు మాత్రం ఆపి విజిట్లకి వెళ్ళడం, విజిట్లూ మానేసి, ఎలా ఉన్నారో ఫోన్లో చెప్పడానికి ఒప్పుకోవడం, అన్నిటికీ వద్దనడం. విసుగొచ్చిన రోజున చాలామంది ఒక్కసారే మూడో మెట్టు దిగిపోతారు, మొదటిది సరిపోయేది. మందు మానేసినవాళ్ళ వివరాలు తెలియకుండా పోతే ఫలితమే వంకరపోతుంది, ఎందుకంటే మానేసేది ఎక్కువగా దుష్ఫలితాలు వచ్చినవాళ్ళే. అప్పటిదాకా సేకరించిన సమాచారం వాళ్ళ దగ్గరే ఉంటుంది, తుడిచేయరు. మిగిలిన రక్తం, కణజాలం నాశనం చేయమని అడగవచ్చు. ఏ మెట్టైనా మందు మీ అంతట మీరు ఆపకుండా డాక్టర్‌తో చెప్పి ఆపండి, హఠాత్తుగా ఆపితే ఒళ్ళు తిరగబడే మందులుంటాయి.

ఖర్చు విషయంలో మోసం కంటే అస్పష్టతే ఎక్కువ. ట్రయల్ మందు, ట్రయల్ కోసమే చేసే పరీక్షలు స్పాన్సర్ ఖాతాలో ఉండటం మామూలు. చిక్కంతా "మామూలుగా కూడా చేసేవే కదా" అనే పరీక్షల దగ్గర, కంట్రోల్ మందు దగ్గర, దుష్ఫలితానికి చేసే వైద్యం దగ్గర వస్తుంది. పట్టికలోని ఒక్కో వరస పక్కనా "స్పాన్సర్" లేదా "మేము" అని కోఆర్డినేటర్‌తో రాయించుకోండి. ప్రయాణ ఖర్చు, హాని జరిగితే పరిహారం, బీమా, వీటికి పత్రంలో విడివిడి పేరాలు ఉంటాయి. "సంబంధం ఉందని తేలితే" అని ఉన్నచోట, తేల్చేది ఎవరో అడగండి. ట్రయల్ ముగిశాక మందు పనిచేస్తూ ఉంటే కొనసాగిస్తారా అన్నది కూడా ఇప్పుడే అడగాల్సిన ప్రశ్న, అప్పుడు అడిగితే ఎవరి చేతిలోనూ ఉండదు.

సంతకం రోజున: అమ్మగారు స్వయంగా సంతకం, తేదీ తన చేత్తో వేయాలి. చదవలేకపోతే ట్రయల్‌కి సంబంధం లేని సాక్షి ముందు మొత్తం చదివి వినిపించాలి. సంతకానికి ముందు ట్రయల్ కోసం ఒక్క చుక్క రక్తం కూడా తీయకూడదు. పేజీల అడుగున వెర్షన్ నంబరు మీ కాపీలోనూ వాళ్ళ కాపీలోనూ ఒకటేనా చూసుకోండి. కాపీ ఇవ్వకుండా పంపిస్తే కదలకండి. "మిగిలిన శాంపిల్స్ భవిష్యత్ పరిశోధనకి" అనే టిక్కు గడి విడిగా ఉంటే అది ఐచ్ఛికం, వద్దన్నా అసలు ట్రయల్‌కి అడ్డం రాదు. పత్రం మీద రిజిస్ట్రీ (ట్రయల్స్‌ని నమోదు చేసే బహిరంగ జాబితా) నంబరు ఉంటుంది, క్లినికల్‌ట్రయల్స్.గవ్ అయితే ఎన్‌సీటీ తర్వాత 8 అంకెలు. నెట్‌లో కొట్టి చూడండి: కంట్రోల్ ఆర్మ్, ప్రధాన కొలత, ఎంతమంది కావాలి అన్నవి మీ పత్రంలో ఉన్నట్టే ఉండాలి. నంబరే లేకపోతే చేరకండి.

చివరగా బయాప్సీ బ్లాక్, అంటే మైనంలో భద్రపరిచిన ఆ చిన్న ముక్క. స్క్రీనింగ్‌కి దాన్ని అడుగుతారు. ఇచ్చేముందు అందులోంచి ఎన్ని స్లైడ్లు కోస్తారో, మిగిలింది తిరిగిస్తారో లేదో అడిగి రాయించుకోండి. కుదిరితే బ్లాక్ బదులు కోసిన స్లైడ్లే పంపించమనండి. ట్రయల్‌లో చోటు రాకపోయి, ఆ ముక్కా అయిపోతే, రేపు ఇంకో జన్యు పరీక్ష కావాలన్నప్పుడు అమ్మగారి ఊపిరితిత్తిలోకి మళ్ళీ సూది గుచ్చాల్సి వస్తుంది.